లోపల ఎవరూ లేరు

ఎలిజబెత్ ఆ బొగ్గుబాయి మీద, దిగేవాళ్ల హాజరు రాసే మస్టర్ క్లర్కుగా ఇరవై రెండేండ్లు పనిచేసింది. తండ్రి దయాసాగర్ ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే, కొడుకులు లేని ఆయన ఉద్యోగం పెద్దబిడ్డకు వచ్చింది. షిఫ్టుకు రెండు వందల పైచిలుకు మనుషులు దిగే బాయి అది. కిటికీ అవతల ఎవరు నిలబడ్డా తల ఎత్తకుండానే పేరు రాసేది. దగ్గును బట్టి, బూట్లు ఈడ్చే తీరును బట్టి, హాజరు బిళ్ల కోసం చాచిన చేతిని బట్టి ఆమెకు మనిషి తెలిసిపోయేవాడు. ఒకసారి ఒకడు తన బదులు అచ్చం తనలాగే ఉండే తమ్ముణ్ణి డ్యూటీకి పంపాడు. "మీ అన్న ఎడమచేత్తో బిళ్ల తీసుకుంటడు. నువ్వు ఇంటికి పోయి పడుకో" అని ఆమె కిటికీ మూసేసింది. ఎలిజబెత్ అక్క ఉన్న షిఫ్టులో దొంగ మస్టర్ పడదని కాలనీల్లో అందరికీ తెలుసు.

అన్ని బాయిల మీద ఎలిజబెత్‌లు లేరు. దిగనివాళ్లకు మస్టర్లు పడుతున్నాయని పై ఆఫీసుకు ఏండ్ల తరబడి ఫిర్యాదులు పోయాయి. దానికితోడు ముందటేడు ఎవడో ఎక్కడో కూర్చుని, ఒక క్లర్కు పాస్‌వర్డు పట్టుకుని, కంపెనీ కంప్యూటర్లలోకి చొరబడ్డాడు. పదకొండు రోజులు ఒక్క కాగితం కదల్లేదు. అప్పుడు పెద్దసార్లు నిర్ణయించారు. పాత కంప్యూటర్లన్నీ తీసెయ్యాలె, కొత్తవి పెట్టాలె, కొత్తవాటిలో ఎవ్వరినీ నమ్మకుండా కాపలా పెట్టాలె.

ఆ పని ఈ ఏరియాలో వేణుమాధవ్ చేతికొచ్చింది. ముప్పై రెండేండ్లవాడు, కరీంనగర్‌లో చదువుకుని వచ్చినవాడు. తెలివైనవాడు, ఎవరితోనూ గొంతు పెంచడు. గోదావరిఖనిలో క్లర్కులందరినీ కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపిస్తూ రెండు రోజులు పాఠం చెప్పాడు.

"దీన్ని జీరో ట్రస్ట్ అంటారు. ఇదివరకు గేటు దాటి లోపలికొస్తే మనవాడే అనుకునేది. ఇకనుంచి అట్లా ఉండదు. ముప్పై ఏండ్ల సర్వీసున్నా, నిన్ననే చేరినా ఒకటే. ప్రతి మనిషిని, ప్రతిసారీ, కొత్తవాడిని చూసినట్టే చూస్తుంది. మిమ్మల్ని నమ్మదు. నన్నూ నమ్మదు. జనరల్ మేనేజర్ గారినీ నమ్మదు."

హాలంతా నవ్వారు. వెనక వరసలోంచి ఎలిజబెత్ లేచింది.

"సార్, దొంగను ఆపుతది, మంచిదే. అసలు మనిషినే కాదంటే ఎట్ల? మా దగ్గర బొగ్గు మసికి, దెబ్బలకు మొఖాలు మారిపోతుంటయి. వేళ్ల మీద గీతలు ఎవనికీ ఉండవు. అప్పుడు క్లర్కు చూసి దింపేటందుకు ఏమన్న తొవ్వ ఉన్నదా?"

"అక్కా, ఆ తొవ్వ పెడితే దొంగ దాంట్లోంచే వస్తడు కదా" అన్నాడు వేణుమాధవ్ నవ్వుతూ. మళ్లీ అందరూ నవ్వారు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. అసలు మనిషిని యంత్రం కాదన్నప్పుడు ఏం చెయ్యాలో, బాయిలో ఎవరన్నా చిక్కుకున్నప్పుడు గేటు ఎవరు తెరవాలో అడుగుతూ కొత్త కంప్యూటర్లోనే ఉత్తరం పెట్టింది. నాలుగు రోజులకు జవాబొచ్చింది. రెండో దశలో పరిశీలిస్తాం. కింద వేణుమాధవ్ పేరు.

మస్టర్ బుక్కులన్నీ గోనెసంచుల్లో కట్టి స్టోరుకు తీసుకపోయారు. సగం రాసిన చివరి బుక్కు ఒక్కటి ఆమె సొరుగులో ఉంచుకుంది. దేనికని అడిగితే చెప్పలేకపోయేది. మూడు నెలలు కొత్త పద్ధతి మంచిగానే నడిచింది. కెమెరా ముందు నిలబడితే పచ్చలైటు, గేటు తెరుచుకోవడం, నంబరు ఉన్న టోపీ ల్యాంపు దానంతటదే ఊడిరావడం. దొంగ మస్టర్లు ఆగిపోయాయి. పది నిమిషాలకోసారి తన ఫోనుకు వచ్చే అంకెలు కొట్టకపోతే ఎలిజబెత్‌నే ఆ కంప్యూటర్ బయటికి నెట్టేది. దానికీ అలవాటుపడింది. ఇంటికిపోయి మొగుడు టిమోతికి చెప్పింది, "మంచిదేనయ్యా, నా నెత్తి మీద బరువు దిగింది" అని.

డిసెంబర్‌లో రాయమల్లు వచ్చాడు.

రాయమల్లు సపోర్టు మనిషి. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. యాభై నాలుగేండ్లు. ఎలిజబెత్‌ను మొదటి రోజు నుంచీ చెల్లె అనే పిలిచాడు. నవంబర్‌లో ఒక పొద్దున లేచేసరికి అతని మూతి ఎడమపక్కకు గుంజుకుపోయింది, ఒక కన్ను మూతపడటం మానేసింది. దవాఖానలో మూడు వారాలుంచి, పనికి ఫిట్ అని కాగితం ఇచ్చి పంపారు. కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి. మూతి మాత్రం ఇంకా వంకరగానే ఉంది.

కెమెరా ముందు నిలబడ్డాడు. ఎర్రలైటు. టోపీ తీసి నిలబడ్డాడు. ఎర్రలైటు. మూతిని చేత్తో పట్టి సరిచేసుకుని నిలబడ్డాడు. మూడోసారి ఎర్రలైటు పడి, అతని పేరు తెర మీద బూడిదరంగులోకి మారింది. తాళం పడ్డట్టు.

"గిదేంది చెల్లె? నేను కాదంటాంది."

"మొఖం మల్ల తీయించుకోవాలె అన్న. ఖనిల ఆఫీసుకు పోవాలె."

"ఎన్ని రోజులు?"

ఆమె వేణుమాధవ్‌కు ఫోన్ చేసింది. దరఖాస్తు పెట్టమన్నాడు, ఐదు పనిదినాలు పడుతుందన్నాడు. మధ్యలో ఆదివారం, క్రిస్మస్. రాయమల్లు అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు. ఎండాకాలంలో కాలు విరిగి నాలుగు నెలలు, ఇప్పుడు ఈ మూతి. ఆ ఏడాదికి అతనికి తొంభై ఎనిమిది మస్టర్లే ఉన్నాయి. వంద లేకపోతే ఛార్జిషీటు. పోయినేడు కూడా తక్కువపడి ఒకసారి వార్నింగు అయింది. రెండోసారైతే తీసేస్తరు. ఉద్యోగంలో ఉండి అన్‌ఫిట్ అయితే బిడ్డ జమునకైనా ఆ ఉద్యోగం వస్తుంది, తీసేస్తే ఇద్దరికీ పోతుంది.

"రెండు మస్టర్లే చెల్లె. ఐదు రోజులంటే, మల్ల ఏదన్న తిరకాసు పెడితే ఏడాదే అయిపోతది. రెండు రోజులు దిగనియ్యి."

ఎలిజబెత్ బాయి మేనేజర్‌కు ఫోన్ చేసింది. ఆయనకప్పటికే సపోర్టు మనుషులు చాలక పని వెనకబడి ఉంది. "నువ్వు అంత పాత మనిషివి, నీకు నేను చెప్పాల్నా? చూసుకో. నాకు పని ఆగొద్దు" అని పెట్టేశాడు. కిటికీ పక్కన నిలబడి వింటున్న, బాయి లోపల పని చేయించే ఓవర్‌మెన్ మొగిలి ముందుకొచ్చాడు. "నేను తీస్కపోత అక్క. నా ఎంబడే ఉంటడు, నా ఎంబడే ఎక్కుతడు. ఫికర్ చెయ్యకు."

ఆమె సొరుగు తీసింది. పాత బుక్కులో తేదీ వేసి రాసింది: రాయమల్లు, ముఖం పట్టలేదు, మేనేజర్‌కు చెప్పి దింపడమైనది, ఓవర్‌మెన్ మొగిలి వెంట. మొగిలితో సంతకం పెట్టించింది. ముఖం మళ్లీ తీయించినంక, ఈ బుక్కు చూపించి ఆ మస్టర్లు ఎక్కించొచ్చని ఆమె లెక్క. కొత్త ల్యాంపులు ముఖం చూడనిదే ఊడిరావు కాబట్టి, మూలన పడేసిన పాత ల్యాంపు ఒకటి తుడిచి ఇచ్చింది. గేటు తెరుచుకున్నప్పుడు మొగిలి వెనకాలే, అతని వీపుకు ఛాతీ ఆనించి, ఇద్దరూ ఒక్కడే అన్నట్టు రాయమల్లు లోపలికి నడిచాడు.

ఆ రోజు సవ్యంగా గడిచింది. మూడు గంటలకు ఇద్దరూ కలిసే ఎక్కారు. మరునాడు పొద్దున రాయమల్లు వస్తూ వస్తూ పెండ్లాం సారవ్వ ఇచ్చిందని ఒక సంచిలో జామకాయలు తెచ్చాడు. "వదినెకు ఇయ్యమన్నది. ఇయ్యాల్టితోని వంద" అన్నాడు వంకరమూతితోనే నవ్వుతూ. ఆమె మళ్లీ బుక్కులో రాసింది. మొగిలి మళ్లీ సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం మూడుంపావుకు తెర మీద లెక్క వచ్చింది. దిగినవారు 214. పైకొచ్చినవారు 214. లోపల ఎవరూ లేరు.

ఎలిజబెత్ లేచి బయటికొచ్చింది. స్నానాల గది దగ్గర మొగిలి తువ్వాల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"రాయమల్లన్న ఏడి?"

"రాలేదా? ముందుగాలనే ఎక్కిండనుకున్న."

"నీ ఎంబడి ఉంటడన్నవు గద?"

మొగిలి చేతిలో సబ్బు అట్లాగే ఉండిపోయింది. "పాత ఇరవై ఒకటో లెవల్ల రెండు దుంగలు నిలబెట్టి రమ్మని తోలిన అక్క. పన్నెండింటికి. గంట పని అది. ఒక్కడే పోయిండు."

"పన్నెండింటికి పోతే ఇప్పటిదాక చూడలేదా నువ్వు?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని దాదాపు గుంజుకుంటూ మేనేజర్ గదికి తీసుకపోయింది. చంకలో పాత బుక్కు. జరిగింది ఒక్క గుక్కలో చెప్పింది. మేనేజర్ కంప్యూటర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చివరికి మొగిలి వైపు తిరిగాడు.

"ముఖం పట్టని మనిషిని నువ్వు తీసుకపోయినవా? దింపితే జైలుకు పోతరని తెలుసా నీకు? చెప్పు. తీసుకపోయినవా?"

మొగిలి గోడ మీద కాలెండర్ చూశాడు. "నాకు తెల్వది సార్" అన్నాడు.

ఎలిజబెత్ బల్ల దగ్గరికి జరిగింది. "అబద్ధం సార్. సంతకం ఉన్నది. చూడుండ్రి, నిన్నటిది, ఇయ్యాల్టిది." బుక్కు బల్ల మీద పెట్టింది. మేనేజర్ దాన్ని తెరవకుండానే దగ్గరికి జరుపుకున్నాడు. "ఇది నా దగ్గర ఉండనియ్యి" అన్నాడు. ఆమె ఉండనిచ్చింది. అప్పుడు ఆమె మనసంతా ఇరవై ఒకటో లెవల్లో ఉంది, బుక్కు మీద లేదు.

మేనేజర్ వేణుమాధవ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అతను రికార్డు చూసి నెమ్మదిగా చదివాడు. "రాయమల్లు. నిన్న ఉదయం మూడుసార్లు ప్రయత్నం, మూడుసార్లు విఫలం. ఖాతాకు తాళం. దిగినట్టు లేదు సార్. ఇవాళ అసలు గేటు దగ్గరికే వచ్చినట్టు లేదు."

"వచ్చిండు! నా కండ్లతోని చూసిన" అంది ఎలిజబెత్.

"అక్కా, మీరు చూసినట్టు సిస్టంలో లేదు. సార్, రికార్డుకు విరుద్ధంగా మనిషి లోపల ఉన్నాడని ఫిర్యాదు వస్తే నేను దాన్ని ఘటనగా నమోదు చెయ్యాలి. రూలు."

"చెయ్యి" అన్నాడు మేనేజర్, ఏం జరుగుతుందో తెలియకుండా.

నమోదు చేయగానే గేటుకు తాళం పడింది. అనుమానం నమోదైతే లోపలికి ఎవ్వరూ పోకుండా మూసుకోవాలని అందులో రాసిపెట్టి ఉంది. ఇద్దరు పెద్ద అధికారులు వేర్వేరుగా ఒప్పుకుంటే తప్ప తెరుచుకోదు. ఒకాయన పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు. రెండో ఆయన హైదరాబాద్‌లో మీటింగులో ఉన్నాడు, ఫోన్ బంద్ చేసి ఉంది.

రెండో షిఫ్టువాళ్లు రెండు వందల మంది గేటు బయట నిలబడ్డారు. లోపల ఏమైందో వాళ్లకెవరూ చెప్పలేదు, కంప్యూటర్ ఖరాబైందన్నారు. మేనేజర్ ఇంకో పని చేశాడు. రాయమల్లు ఇంట్లో ఉన్నాడేమో చూసి రమ్మని సెంటినరీ కాలనీకి జీపు పంపాడు. దారిలో మొరాయించిన జీపు నలభై నిమిషాలకు తిరిగొచ్చింది. ఇంట్లో లేడట. "కల్లు దుకాణంలో చూసినరా?" అన్నాడు మేనేజర్. జీపు మళ్లీ పోయింది.

ఎలిజబెత్ తన కంప్యూటర్ తెరవబోయింది. ఆమె పేరుకూ తాళం పడింది. ఘటనలో పేరున్నవాళ్లందరికీ పడుతుందట. నాలుగున్నర అయింది, ఐదయింది. ఆమె మేనేజర్ గదికి ఐదుసార్లు పోయింది. మొదట ఆయన కసిరాడు, తర్వాత బతిమాలాడు, చివరికి తలుపు గడియపెట్టుకున్నాడు. మొగిలి స్నానం చేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఐదున్నరకు ఆమె షిఫ్టువాళ్ల ముందుకు పోయి నిలబడింది. "అన్నలారా, లోపల మనిషి ఉన్నడు. రాయమల్లన్న. పాత ఇరవై ఒకటో లెవల్ల. పన్నెండింటి సంది ఉన్నడు. నేనే దింపిన. వీళ్లు గేటు తీస్తలేరు."

గుంపులోంచి సదయ్య అనే ముసలి ఫిట్టరు బయటికొచ్చి, వర్కుషాపులోంచి గడ్డపార తెచ్చి, కెమెరా పెట్టెను మొదట, గేటు తాళాన్ని తర్వాత పగలగొట్టాడు. పదిహేను మంది దిగారు.

కప్పు రాయి ఒకటి రాయమల్లు తొడ మీద పడి ఉంది. మంచం అంత రాయి. అతను తన ల్యాంపు బెల్టు విప్పి, రాయికి పైన తొడకు బిగించి కట్టుకున్నాడు. రక్తం ఆపుకోవడానికి. ఒకసారి వదులైతే మళ్లీ బిగించాడు, తోలు మీద రెండు చోట్ల మడతలు పడ్డాయి. మనిషి ఇంకా వెచ్చగా ఉన్నాడు. పైకి తెచ్చేసరికి దవాఖాన బండి వచ్చి ఉంది. డాక్టరు చూసి, ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నాడు. నాలుగింటికి తెచ్చినా కాలు పోయేదేమో, ప్రాణం ఉండేదన్నాడు. ఆ మాట ఎలిజబెత్ వింది. పక్కనే నేల మీద కూర్చున్న సారవ్వ కూడా వింది.

మూడో రోజున ఎలిజబెత్‌ను సస్పెండ్ చేశారు. జనవరిలో విచారణ పెట్టారు.

విచారణకు ముందురోజు మేనేజర్ ఆమెను పిలిపించుకున్నాడు. కూర్చోమని చెప్పి టీ తెప్పించాడు. "చూడమ్మా, రాయమల్లు నీ కన్నుగప్పి తానే దిగిండని రాసియ్యి. రికార్డు అదే చెప్తాంది. నీ సస్పెన్షన్ నేను ఎత్తేయిస్త. లేకుంటే నీ ఉద్యోగం ఎట్లనో నువ్వే చూసుకో."

"దొంగతనంగ దిగిండని రాస్తే సారవ్వకు ఏమొస్తది సార్? డ్యూటీ మీద పోయినట్టు కాదు గద. ఆ పిల్లకు ఉద్యోగం రాదు."

"అది నీకెందుకు?"

"నా బుక్కు మీ దగ్గర ఉన్నది సార్."

"ఏం బుక్కు?" అన్నాడు మేనేజర్. ఆమె కండ్లలోకి సూటిగా చూస్తూనే అన్నాడు.

అక్కడి నుంచి ఆమె బస్సెక్కి ఖనికి పోయి వేణుమాధవ్ ముందు నిలబడింది. అతను లేచి కుర్చీ వేశాడు.

"సారు, నేను పెట్టిన ఉత్తరం ఉన్నది గద, గేటు సంగతి అడిగింది. మీరు జవాబు ఇచ్చిండ్రు. అది కమిటీకి చూపించాలె. నా పేరుకు తాళం పడ్డది. మీరే తీయాలె."

అతను చాలాసేపు కీబోర్డు అంచును వేలితో రుద్దాడు. "ఇతరుల ఉత్తరాలు తెరిచే పర్మిషన్ నాకు లేదక్కా."

"ఇతరులది కాదు సారు. నాది. నేను మీ ముంగటనే ఉన్న."

"మీరు మీరే అని సిస్టం ఒప్పుకోవాలి కదా" అన్నాడు. అన్న తర్వాత అతని ముఖం కొంచెం ఎర్రబడింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఉత్తరం బయటికొస్తే, దానికింద ఉన్న పేరు తనదేనని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు.

ఇంటికొచ్చేసరికి టిమోతి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిషన్ బళ్లో పంతులుగా చేసి మానేసిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు కంపెనీ దవాఖానలో రక్తం శుద్ధి చేయించుకుంటేనే బతుకు. అదంతా ఆమె ఉద్యోగం మీద నడిచే వైద్యం. ఆమె చెప్పిందంతా విని అతను అన్నాడు, "మేనేజర్ చెప్పినట్టు రాసియ్యి."

"అబద్ధం గదయ్యా."

"సచ్చినోడు తిరిగి రాడు ఎలిజబెత్. నేను ఇంకా ఉన్న."

ఆమె ఆ రాత్రి ఏం ఆలోచించిందో ఎవరికీ చెప్పలేదు. తెల్లారి తెల్లచీర కట్టుకుని విచారణకు పోయింది. ముగ్గురు అధికారులు. బయట వసారాలో సారవ్వ, జమున బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"రాయమల్లును నేనే దింపిన. మేనేజర్ సారు చూసుకోమన్నడు. మొగిలి ఎంబడి తీస్కపోయిండు, బుక్కుల సంతకం పెట్టిండు. బుక్కు మేనేజర్ సారు తీసుకున్నడు. గేటు సంగతి నేను ముందే రాసి అడిగిన. అంతా నిజం."

మేనేజర్ తనకు ఏ బుక్కూ తెలియదన్నాడు. మొగిలి తలవంచుకుని తనకేమీ తెలియదన్నాడు. వేణుమాధవ్ సిస్టంలో లోపం లేదనీ, అది చెప్పినట్టే పనిచేసిందనీ అన్నాడు. అతను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీ గురించి మీరు చెప్పింది ఒప్పుకోలు కింద తీసుకుంటం. వేరేవాళ్ల గురించి చెప్పినదానికి మాత్రం ఆధారం లేదు. మనిషి మాట మీద ఇప్పుడు ఏదీ నడవదు."

"ఒక్క నోటితోనే చెప్పిన గద సార్ రెండూ" అంది ఎలిజబెత్.

ఆయన రాసుకునేవాడికి సైగ చేశాడు. ఆ మాట రాయలేదు.

మార్చిలో ఉత్తర్వు వచ్చింది. ఎలిజబెత్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. రాయమల్లు ఒక ఉద్యోగి తప్పు వల్ల లోపల చనిపోయాడని ఒప్పుకుని, దయతో జమునకు ఉద్యోగం ఇస్తామన్నారు. దానికో షరతు. తమకు ఏ అధికారి మీదా ఫిర్యాదు లేదనీ, మనిషి చావుకు ఎలిజబెత్ ఒక్కతే కారణమనీ సారవ్వ పోలీసులకు రాసివ్వాలి.

సారవ్వ రాసిచ్చిన రోజే సాయంత్రం ఎలిజబెత్ క్వార్టరుకు వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది.

"సంతకం పెట్టిన వదినె. ఇంకొకలు చెప్తే వినేకన్న నేను చెప్తేనే మంచిదని వచ్చిన."

"పిల్ల ఉద్యోగానికి పెట్టినవు. తప్పేమున్నది."

"ఉద్యోగానికే గాదు." సారవ్వ గొంతు పెంచలేదు. "నాలుగు రోజులు రాతిరి పగలు ఆలోచించిన. గేటు మూసినోడు పాపి. మొగిలి పాపి. మేనేజరు పాపి. అందరికన్న ముందు నువ్వు. నువ్వు దింపకుంటే నా మొగడు ఇంటికొచ్చి పండేటోడు. ఉద్యోగం పోయేది, మనిషి ఉండేటోడు. ఇది అబద్ధమా?"

"కాదు."

"బతిమాలితే దింపినవు. బతిమాలితే దింపొద్దని తెల్వదా నీకు? ఇరవై రెండేండ్లు గదే పని చేసినవు గద."

సారవ్వ ఇంకాసేపు నిలబడింది, తిట్టిపోయడానికి ఏమన్నా మిగిలిందేమోనని వెతుక్కున్నట్టు. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది. వారానికి పోలీసులొచ్చి ఎలిజబెత్‌ను తీసుకపోయారు. పదకొండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చింది.

ఆ నెలలోనే రెండో దశ మొదలైంది. అసలు మనిషిని యంత్రం కాదంటే ఏం చెయ్యాలి, లోపల ఎవరన్నా చిక్కుకుంటే గేటు ఎవరు తెరవాలి, అన్నీ అందులో పెట్టారు. అది తయారుచేసినందుకు వేణుమాధవ్‌కు హైదరాబాద్ పెద్దాఫీసుకు ప్రమోషన్ మీద బదిలీ అయింది. సన్మానం రోజున అతను చాలా తక్కువ మాట్లాడాడని, శాలువా కప్పుతుంటే తల బాగా వంచాడని చూసినవాళ్లు అన్నారు.

ఏప్రిల్‌లో ఎలిజబెత్ క్వార్టరు ఖాళీ చేసింది. మంచిర్యాలలో చెల్లెలు డెబోరా ఇంటి వెనక రెండు గదులు చూసింది. సామాను ఆటోలో సర్దుతుంటే కంపెనీ తరఫున క్వార్టరు సరిచూసుకోవడానికి మనిషి వచ్చింది. జమున. ఉద్యోగంలో చేరి మూడు వారాలు. మెడలో కార్డు, చేతిలో కాగితాల అట్ట.

"ఎస్టేటు సెక్షన్ల వేసిండ్రా బిడ్డా?" అంది ఎలిజబెత్.

జమున నేరుగా లోపలికి పోయింది. చిన్నప్పటి నుంచీ అత్తమ్మా అంటూ ఈ ఇంట్లో తిరిగిన పిల్లే. ఒక్కో గదిలో ఫ్యాన్లు లెక్కపెట్టింది, స్విచ్చులు వేసి చూసింది, కిటికీ అద్దాలు వేలితో తట్టింది. స్నానాల గదిలోంచి వచ్చి అంది, "ఒక నల్లా లేదు."

"అది మేం వచ్చిననాటి సందే లేదమ్మా."

"కాగితంల ఉన్నట్టున్నది."

"నేను చెప్తున్న గద. ఎన్నడూ లేదు."

జమున పెన్ను ఆపింది. ఒక్క క్షణం ఎలిజబెత్ ముఖం వైపు చూసింది. ఆ కండ్లు అచ్చం రాయమల్లువే, కుడిదానికన్నా ఎడమది కొంచెం చిన్నది. తర్వాత తల వంచుకుని, నల్లా ఒకటి లేదు అని రాసి, అట్ట ముందుకు చాపింది.

"ఇక్కడ సంతకం పెట్టుండ్రి మేడం."

ఎలిజబెత్ పెట్టింది. జమున తాళంచెవి తీసుకుని, తలుపు వేసి, రెండుసార్లు గుంజి చూసుకుని వెళ్లిపోయింది.

టిమోతి అప్పటికే ఆటోలో ఎక్కి కూర్చున్నాడు. విచారణ రోజు నుంచీ అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఇల్లు మారాక, మంచిర్యాల సర్కారు దవాఖానలో ఉన్న నాలుగు రక్తశుద్ధి మిషన్ల దగ్గర తన వంతు కోసం పొద్దున ఐదింటి నుంచి లైన్లో కూర్చుంటాడు. కొన్ని రోజులు వంతు వస్తుంది, కొన్ని రోజులు రాదు. పక్కన కూర్చున్నవాళ్లెవరన్నా ఈమె నీకేమైతదని అడిగితే, "వంట చేసి పెడతది" అంటాడు. ఎలిజబెత్ టిఫిన్ డబ్బా మూత తీసి, అతని ముందు పెట్టి, అవతలి బెంచీ మీదికి పోయి కూర్చుంటుంది.